పడుగు బిగువు చేతికి తెలుస్తుంది, బీపీ తెలియదు

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగం)

 

ప్రతి ఏడూ ఈ సభలో మాకిచ్చే కొద్దిపాటి సమయంలో నూలు ధర గురించి, రావాల్సిన రిబేటు గురించి మాట్లాడుతూ వచ్చాం. ఈసారీ అదే చెప్తారు అనుకుని వచ్చినవాళ్లు ఉంటారు. నూలు బాధ ఎక్కడికీ పోలేదు, అట్లాగే ఉంది. దాన్ని వచ్చే కమిటీలో మాట్లాడుకుందాం. ఈ పూట గుండె సంగతి చెప్తాం. మేము ఎనిమిదో క్లాసు దాకా చదివినవాళ్లం, వైద్యం చదవలేదు. సెక్రటరీకి ఇదెందుకు అని ఎవరికైనా అనిపిస్తే అది న్యాయమే. ఎందుకో చెప్పి మొదలుపెడతాం.

మా సంఘంలో సభ్యుడు చనిపోతే ఇంటివాళ్లకు ఇచ్చే సాయానికి ఒక పద్దు పుస్తకం ఉంది. అందులో కారణం అని ఒక గడి ఉంటుంది. పాత పేజీల్లో ఆ గడిలో జ్వరం, కామెర్లు, క్షయ, ముసలితనం అని రాసి ఉంది. ఇప్పటి పేజీలు తిప్పితే గుండె, పక్షవాతం, మళ్లీ గుండె. వయసు గడి చూస్తే యాభై, యాభై నాలుగు, నలభై ఎనిమిది. ఇవి ముసలివాళ్ల వయసులు కావు. మగ్గం మీద బాగా చేయి తిరిగిన వయసులు.

మన వీధిలో పుట్టి పెరిగిన ఒక అబ్బాయి డాక్టరై సర్కారు ఆసుపత్రిలో పని చేస్తున్నాడు. గుడి పండగకు వచ్చినప్పుడు ఈ పుస్తకం అతని ముందు పెట్టి, ఏంటయ్యా ఇది, కొత్తగా ఏమైనా కనిపెట్టారా, మాకు పనికొచ్చేది చెప్పు అని అడిగాం. అతను నవ్వి, "మామా, మాకూ చదవడానికి టైం లేదు. పొద్దున్నుంచి ఓపీలో జనమే. తీరికలేని డాక్టర్ల కోసం పరిశోధనలన్నీ కుదించి చిన్న చిన్న ముక్కలుగా ఫోనుకు పంపిస్తారు, బస్సులో కూర్చుని అవి చూస్తాం" అన్నాడు. అయితే ఆ ముక్కలే మాకూ చదివి వినిపించు అన్నాం. మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. మేము నోటు పుస్తకంలో రాసుకున్నాం, రాసింది మళ్లీ అతనికే చూపించి దిద్దించుకున్నాం. ఇప్పుడు చెప్పేది ఆ పుస్తకంలోదే.

ముందు ఒక మాట తేల్చుకుందాం. గుండె వైద్యంలో కొత్తవి చాలా వచ్చాయి. ఆరు నెలలకొకసారి ఒక సూది వేస్తే చెడ్డ కొవ్వు సగానికి దిగుతుందట. కాలి రక్తనాళంలోంచి గొట్టం పంపి గుండె కవాటం మార్చేస్తున్నారు. వినడానికి బాగుంది. మన కూలి లెక్కలో అవి అందేవి కావు. అయితే ఈ ఇరవై ఏళ్లలో జరిగిన పెద్ద పరిశోధనలు చాలామటుకు వేరే సంగతి కూడా చెప్తున్నాయి. పాత మాత్రలే, చవక మాత్రలే, రోజూ వేసుకుంటే, వేళకు అందితే, ఎక్కువ ప్రాణాలు నిలబెడతాయని. మనకు పనికొచ్చే కొత్త విద్య అదే. కాబట్టి దాని గురించే మాట్లాడతాం.

గుండె ఒక కండరం. ఒళ్లంతా నెత్తురు పంపే ఆ కండరానికి కూడా నెత్తురు కావాలి. అది తెచ్చే ముఖ్యమైన నాళాలు మన కండె పుల్ల కంటే సన్నం. వాటి లోపలి గోడ కింద ఏళ్ల తరబడి కొవ్వు చేరుతుంది. చేరేటప్పుడు నొప్పి లేదు, ఏమీ లేదు. ఒకరోజు ఆ గోడ చిట్లుతుంది. చిట్లిన చోట నెత్తురు గడ్డ కట్టి దారి మూసేస్తుంది. అందుకే నిన్న తేరు లాగినవాడు ఇవాళ పడిపోతాడు. నిన్నంతా బాగున్నాడే అని ఏడుస్తాం. బాగా ఉన్నట్టు కనబడ్డాడు, అంతే.

2004లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను సుమారు 15 వేల మందిని, రానివాళ్లను అంతే మందిని పక్కపక్కన పెట్టి చూశారు. పొగాకు, బీపీ, షుగరు, చెడ్డ కొవ్వు, బొజ్జ, మనసు మీద బరువు, కూరగాయలు పళ్లు తినకపోవడం, ఒళ్లు కదలకపోవడం, ఇలాంటి తొమ్మిది కారణాలే మొదటిసారి వచ్చే గుండెపోట్లలో దాదాపు తొంభై శాతానికి లెక్క చెప్పాయి. తలరాత అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఈ తొమ్మిదిలోనే ఉంది. ఇంకో సంగతి. మన భారతదేశం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ వైపు వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59. మన సంఘం పుస్తకంలో ఉన్న వయసులు ఎందుకు అట్లా ఉన్నాయో అప్పుడు మాకు అర్థమైంది.

ఇది పట్నం జబ్బు, కారుల్లో తిరిగేవాళ్ల జబ్బు అనే మాట మన వీధుల్లో ఇంకా ఉంది. అది పోవాలి. ఇరవై ఏళ్ల కిందటే ఆంధ్రాలో గోదావరి జిల్లాల పల్లెల్లో, 45 ఊళ్లలో, చనిపోయిన ప్రతి మనిషి ఇంటికీ వెళ్లి ఎట్లా పోయారమ్మా అని అడిగి రాసుకున్నారు. ఆ రాతలను డాక్టర్లు చూసి కారణం తేల్చారు. వందలో 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అన్నిటికంటే పైన అదే. పొలం పని చేసే ఊళ్లండీ అవి. ఒళ్లు వంచి పని చేస్తే రాదు అనేది నిజం కాదు.

ఇప్పుడు బీపీ. మగ్గం ఎక్కగానే మనం మొదట చేసే పని పడుగు మీద చేయి వేసి చూడడం. బిగువు ఎక్కువైతే పోగులు తెగుతాయి, తక్కువైతే గుడ్డ వదులుగా వస్తుంది. చెయ్యి వేస్తే చాలు, తెలిసిపోతుంది. రక్తనాళంలో కూడా బిగువు ఉంది. దాన్నే బీపీ అంటున్నారు. కానీ ఈ బిగువు చేతికి తెలియదు, తలకు తెలియదు, తలనొప్పి వచ్చి చెప్తుందని అనుకోవడం కూడా తప్పు. మిషను పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పై అంకె 140, కింది అంకె 90, ఈ రెంటిలో ఏది దాటినా, వేరు వేరు రోజుల్లో చూసినా అట్లాగే ఉంటే, అది బీపీ జబ్బు. ఒక్కసారి ఎక్కువ చూపిస్తే భయపడి ఏడవక్కర్లేదు, మళ్లీ చూడాలి.

ఎక్కువమంది చేసేది ఏంటంటే, నెల రోజులు మాత్ర వేసుకుంటారు, మిషనులో అంకె దిగుతుంది, తగ్గిపోయింది అని మానేస్తారు. మాత్ర ఉంది కాబట్టి అంకె దిగింది. మగ్గానికి కట్టిన తాడు విప్పేస్తే పడుగు ఎక్కడుంటుంది? అంతే సంగతి. మానేసినవాళ్లకు అంకె మళ్లీ ఎక్కుతుంది, ఎక్కినట్టు తెలియదు కూడా.

కొందరు అక్కలు చెప్తారు, పొద్దున మాత్ర మర్చిపోయాం, సాయంత్రం వేసుకోకూడదేమో అని రేపటికి వదిలేశాం అని. దీనికి 2022లో జవాబు వచ్చింది. బ్రిటన్ దేశంలో 21 వేల మందికి పైగా బీపీ వాళ్లను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపును పొద్దున, ఇంకో గుంపును రాత్రి మాత్ర వేసుకోమన్నారు. ఐదేళ్లు చూశారు. గుండెపోటు, పక్షవాతం రెండు గుంపుల్లోనూ ఒకటే. కాబట్టి ఏ పూట మీకు గుర్తుంటుందో ఆ పూట వేసుకోండి. కండెలు చుట్టడం మొదలుపెట్టే ముందా, దీపం పెట్టాకా, మీ ఇష్టం. నీళ్లు ఎక్కువ పోయే మాత్ర అయితే మటుకు పొద్దునే మంచిది, లేకపోతే రాత్రంతా లేవాల్సి వస్తుంది. డాక్టరు ప్రత్యేకంగా వేళ చెప్పి ఉంటే ఆయన మాటే వినండి.

మాత్రలు ఎక్కువైతే మనిషి మానేస్తాడు. ఇది డాక్టర్లకూ తెలిసొచ్చింది. శ్రీలంకలో 700 మంది బీపీ వాళ్ల మీద ఒక పరిశోధన చేసి 2018లో బయటపెట్టారు. మూడు రకాల బీపీ మందులను కొద్ది కొద్దిగా ఒకే మాత్రలో కలిపి ఇచ్చారు. ఆరు నెలలకు వందలో 70 మందికి బీపీ అదుపులోకి వచ్చింది. మామూలు పద్ధతిలో ఇచ్చినవాళ్లలో 55 మందికే వచ్చింది. తర్వాత బీపీ మందులు, కొవ్వు మాత్ర ఒకటిగా కలిపి, దానికి ఆస్పిరిన్ తోడు చేసి, ఇంకా గుండెపోటు రానివాళ్లకు ఇచ్చి చూశారు. 5,713 మంది ఉన్న ఆ పరిశోధనలో దాదాపు సగం మంది మన దేశంవాళ్లే. గుండెపోటు, పక్షవాతం, ఆ జాతి ప్రమాదాలు మూడో వంతుకు దగ్గరగా తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కలిపిన మాత్రలను తప్పనిసరి మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి మీ దగ్గర నాలుగు సంచుల మాత్రలుంటే, డాక్టరుగారిని మర్యాదగా అడగండి, "సార్, ఇవి ఒకటి రెండుగా కలిపి ఇవ్వడానికి వీలవుతుందా" అని. అడగడంలో తప్పు లేదు.

ఆస్పిరిన్ అనే మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక హెచ్చరిక. మందుల షాపులో నెత్తురు పలచబడే మాత్ర అని అడిగి కొనుక్కుని రోజూ వేసుకునేవాళ్లు మనలో ఉన్నారు, మాకు తెలుసు. 2018లో మూడు పెద్ద పరిశోధనలు ఒకే ఏడు వచ్చాయి. అందులో ఒకటి ఎక్కువగా డెబ్భై దాటిన ఆరోగ్యవంతుల మీద, 19 వేల మంది మీద చేసింది. గుండె జబ్బు లేనివాళ్లు ఊరికే రోజూ ఆస్పిరిన్ వేసుకుంటే మేలు కొంచెం, కడుపులోనో ఇంకెక్కడో నెత్తురు కారే ప్రమాదం ఎక్కువ అని తేలింది. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంటు పెట్టినవాళ్లకు అది వేరే లెక్క. వాళ్లు చచ్చినా మానకూడదు. తేడా తేల్చాల్సింది డాక్టరు, షాపువాడు కాదు.

ఉప్పు సంగతికి వస్తాం. మనం తూత్తుకుడి ఉప్పళాల పక్కన బతుకుతున్నాం, ఉప్పుకు కరువు లేదు. సజ్జ అంబలిలోకి మజ్జిగ మిరపకాయ, అన్నంలోకి కరువాడు, ఊరగాయ, అప్పడం. పేదింటి కూర ఉప్పే. దాన్ని తప్పు పట్టడానికి మాకు నోరు రాదు, మేమూ అదే తిని పెరిగాం. రోజుకు మనిషికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా ఉప్పు, అంతకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కూరలో వేసిందీ, ఊరగాయలో ఉన్నదీ అన్నీ కలిపి.

చైనాలో 600 ఊళ్లలో ఒక పని చేశారు. పక్షవాతం వచ్చినవాళ్లు, అరవై దాటి బీపీ ఉన్నవాళ్లు, మొత్తం సుమారు 21 వేల మంది. సగం ఊళ్లకు మామూలు ఉప్పు, సగం ఊళ్లకు మార్చిన ఉప్పు. మార్చిన ఉప్పులో నాలుగో వంతు పొటాషియం ఉప్పు. వంట మారలేదు, తిండి మారలేదు, ఉప్పు డబ్బా మారింది, అంతే. ఐదేళ్లకు లెక్క చూస్తే పక్షవాతాలు వందకు 14, చావులు వందకు 12 తగ్గాయి. 2021లో ఈ సంగతి వచ్చింది. అదే ఏడు మన తెలుగు నేల మీద, సిద్దిపేట వైపు పల్లెల్లో, 502 మంది బీపీ వాళ్ల మీద చేసిన పరిశోధన కూడా వచ్చింది. సిద్దిపేట అంటే మనవాళ్లకు చెప్పక్కర్లేదు, గొల్లభామ చీరల ఊరు. అక్కడ మూడు నెలలు ఇటువంటి ఉప్పు వాడితే పై అంకె నాలుగు, ఐదు దిగింది. చిన్న అంకె అనిపిస్తుంది. ఊరంతటికీ దిగితే చిన్నది కాదు. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇళ్లలో ఈ ఉప్పు వాడొచ్చని చెప్పింది. కానీ గట్టిగా వినండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు పొటాషియం ఒంట్లో పేరుకుపోతుంది, ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనొద్దు. ఉన్న ఉప్పే తగ్గించుకుంటే ఎవరినీ అడగనక్కర్లేదు, ఖర్చూ లేదు.

విరుదునగర్ నూనె పరోటా జోలికి మేము పోవడం లేదు. ఆ ఊరివాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆ ఊరి నువ్వుల నూనెకే ఇదయం అని పేరు పెట్టారు, అంటే గుండె. ఒకే ఊళ్లో రెండూ ఉన్నాయి, ఎట్లా సర్దుకుంటారో వాళ్లిష్టం.

పొగాకు గురించి రెండు మాటలు. బీడీ మానేశాం, ఉత్త నమలడమే అనే అన్నలు మనలో ఎక్కువ. మగ్గం మీద చేతులు ఖాళీ ఉండవు కాబట్టి బుగ్గలో పెట్టుకోవడం అలవాటైంది. ఇందాక చెప్పిన 52 దేశాల పరిశోధనలోనే, నమిలే పొగాకు ఒక్కటే వాడేవాళ్లకు కూడా గుండెపోటు రెండింతలు ఎక్కువని తేలింది. పొగ లేదు కదా అనే మాట ఇక చెల్లదు. నడిచేటప్పుడు పిక్క పట్టేసి, నిలబడితే తగ్గి, మళ్లీ నడిస్తే పట్టేసే నొప్పి ఉందనుకోండి. తొక్కుడు పలకలు తొక్కీ తొక్కీ వచ్చింది అనుకుని తైలం రాస్తాం. పొగాకు, షుగరు ఉన్నవాళ్లకు అది కాలి నాళం మూసుకుపోతున్న గుర్తు కావచ్చు. కాలు మూసుకుంటే గుండెలో కూడా ఉండే వీలు ఎక్కువ. చూపించుకోవాలి.

ఇక అసలు సంగతి. మిగతావి మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

మన పక్క ఊళ్లోనే ఒక సభ్యుడు, యాభై రెండేళ్లు. పేరు చెప్పం, ఇంటివాళ్లు ఈ సభలోనే ఉన్నారు, వాళ్ల అనుమతితోనే చెప్తా ఉన్నాం. పొద్దున ఆరు గంటలకు మగ్గంలో కూర్చున్నాడు. ఏడుకు రొమ్ము మధ్యలో బరువు, చెమట. గ్యాసు అనుకున్నాడు. సోడా తాగాడు. మర్నాడు చీర అప్పగించాలి, కొంగు ఒక మూర మిగిలింది. ఆ మూర నేశాడు. పదిన్నరకు చీర కోసి మడత పెట్టి, అప్పుడు షేర్ ఆటో ఎక్కాడు. మొదట వెళ్లిన ప్రైవేటు క్లినిక్కులో ఒక సూది వేసి, గ్యాసే అని పంపించారు. సాయంత్రం రెండో ఆసుపత్రికి చేరేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ఆ చీర మా సంఘానికే వచ్చింది. దానికి కూలి కట్టి ఇంటికి పంపించాం. ఆ రోజు ఓచరు మీద సంతకం పెట్టడం మాకు ఎంత కష్టమైందో చెప్పలేం.

నాళం మూసుకున్న నిమిషం నుంచి గుండె కండరం చావడం మొదలవుతుంది. మొదటి గంట, రెండు గంటల్లో దారి తెరిస్తే చాలా కండరం మిగులుతుంది. ఆలస్యం అయ్యే కొద్దీ మిగిలేది తక్కువ. తెరవడానికి రెండు దారులు. ఒకటి, గొట్టం పంపి బుడగతో తెరిచి స్టెంటు పెట్టడం. రెండు, గడ్డను కరిగించే ఇంజక్షన్. మొదటిది పెద్ద ఆసుపత్రుల్లోనే ఉంటుంది. కోవిల్‌పట్టి నుంచి మదురై దాదాపు 100 కిలోమీటర్లు. మరి మనలాంటి ఊళ్లవాళ్ల గతి ఏంటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతికింది మన తమిళనాడే. 2012 నుంచి 2014 దాకా ఇక్కడ ఒక పరిశోధన చేశారు, 2,420 మంది గుండెపోటు రోగుల మీద. చిన్న ఆసుపత్రులను, అంబులెన్సులను, పెద్ద ఆసుపత్రులను మగ్గం పోగుల్లాగా ఒకదానికొకటి కట్టారు. చిన్న చోట ఈసీజీ తీసి పెద్ద చోటికి పంపడం, దగ్గరలోనే గడ్డ కరిగించే ఇంజక్షన్ వేయడం, వేశాక మూడు గంటల నుంచి ఒక రోజు లోపల పెద్ద ఆసుపత్రికి చేర్చి నాళం చూడడం. కొత్త మందు ఒక్కటీ లేదు ఇందులో. ఉన్నవాటికి దారి కట్టారు, అంతే. ఈ పద్ధతి రాకముందు ఏడాది లోపల చనిపోయినవాళ్లు వందలో 17.6. వచ్చాక 14.2. వందలో మూడు ప్రాణాలకు పైనే. 2017లో ఇది అమెరికా వైద్య పత్రికలో అచ్చయింది. అన్ని దేశాల డాక్టర్లు చదివిన ఆ సంగతి మన జిల్లా మగ్గం గుంట దాకా రాలేదు, అదే మా బాధ.

2023లో తమిళనాడు సర్కారు ఇదయం కాప్పోం తిట్టం అని ఇంకొకటి మొదలుపెట్టింది. గుండెను కాపాడుకుందాం అని అర్థం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె ఉప కేంద్రంలో కూడా మొదటి మోతాదు మాత్రలు ఉంచారు. మొత్తం 14 మాత్రలు. ఆస్పిరిన్ 2, క్లోపిడోగ్రెల్ 4, కొవ్వు మాత్ర అటోర్వాస్టాటిన్ 8. గుండెపోటు అని అనుమానం వచ్చినవాళ్లకు ఇవి ఇచ్చి పెద్ద ఆసుపత్రికి పంపిస్తారు. పద్నాలుగు మాత్రలా అని నవ్వొద్దు, చిన్న చిన్న మాత్రలు కలిపి మోతాదు చేశారు. వీటిని మనం ఇంట్లో కొని పెట్టుకుని మనకు మనమే మింగకూడదు. కడుపు పుండు, మెదడులో నెత్తురు కారడం లాంటివి ఉంటే అదే విషం. కేంద్రానికి పోతే ఉంది, అని తెలిసి ఉండాలి. అంతవరకే.

గుర్తులు చెప్తాం. రొమ్ము మధ్య బరువు, పిండేసినట్టు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమట, వాంతి వచ్చినట్టు. ఆడవాళ్లకు ఇవన్నీ ఉండకపోవచ్చు. ఊరికే ఆయాసం, ఎన్నడూ లేని నీరసం, పొట్ట పైన నొప్పి, అంతే ఉండొచ్చు. కండెలు చుట్టే అక్కలూ, మీకోసమే చెప్తా ఉన్నాం. ఇంట్లో మగవాడికి నొప్పి వస్తే ఆటో పిలుస్తారు, ఆడమనిషికి వస్తే కషాయం పెట్టుకో అంటారు. చాలా దేశాల పరిశోధనల్లో ఆడవాళ్లు ఆసుపత్రికి ఆలస్యంగా చేరుతున్నారనీ, చేరాక కూడా వైద్యం తక్కువ అందుతోందనీ తేలింది. మన ఇళ్లలో ఎందుకో మనకే తెలుసు. షుగరు ఉన్నవాళ్లకు అసలు నొప్పే లేకుండా రావచ్చు. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడడం, ఇది పక్షవాతం. దానికి గడ్డ కరిగించే సూది నాలుగున్నర గంటల లోపలే.

ఇలాంటిది వస్తే చీర కోయొద్దు. సోడా వెతకొద్దు. బండి వెనక కూర్చోబెట్టుకుని పోవద్దు. 108కి ఫోను చేయండి. ఆ 108 మొదలైంది 2005లో మన హైదరాబాదులోనే, ఆ తర్వాత 2008లో తమిళనాడుకు వచ్చింది. అంబులెన్సు వాళ్లకు ఏ ఆసుపత్రికి పోవాలో తెలుస్తుంది. పోయిన చోట మొదట అడగాల్సింది ఒకటే. "ఈసీజీ తీయండి." సూది వేసి పంపిస్తామంటే, ఈసీజీ తీశాక పంపించండి అనాలి. గొడవ పడక్కర్లేదు, అడిగితే చాలు.

మనకు ఇప్పుడు దగ్గర్లో ఉన్నవి తక్కువేమీ కాదు. కోవిల్‌పట్టిలో సర్కారు ఆసుపత్రి ఉంది. విరుదునగర్‌లో 2022 జనవరిలో సర్కారు మెడికల్ కాలేజీ ప్రారంభమైంది. తిరునెల్వేలి, తూత్తుకుడి, మదురై మెడికల్ కాలేజీలు ఎప్పటినుంచో ఉన్నాయి. 2021 ఆగస్టు నుంచి మక్కళై తేడి మరుత్తువం అని బీపీ, షుగరు మాత్రలు ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. ఆ పథకానికి 2024లో ఐక్యరాజ్యసమితి బహుమతి కూడా వచ్చింది. మాత్రలు తెచ్చే అక్క తలుపు తట్టినప్పుడు, మగ్గం చప్పుడుకు వినబడక వెనక్కి పోయిన ఇళ్లు ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పి పెట్టుకోండి.

ఇంత చెప్పి మేము అడిగేది చిన్నది. సమాఖ్యలోని ప్రతి సంఘం ఆఫీసులో ఒక బీపీ మిషను ఉండాలి. మణికట్టుకు పెట్టేది కాదు, పై చేతికి పట్టీ చుట్టేది. కూలి ఇచ్చే రోజు, నూలు ఇచ్చే రోజు, వరసలో నిలబడే మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి బల్ల మీద పెట్టించి, రెండుసార్లు చూసి, అంకె పాసుపుస్తకం వెనక అట్ట మీద రాయాలి. అదే అట్ట మీద 108, దగ్గరి ఆరోగ్య కేంద్రం నంబరు, రాత్రీ పగలూ ఈసీజీ ఉన్న ఆసుపత్రి ఏది, గడ్డ కరిగించే ఇంజక్షన్ వేసేది ఏది, అచ్చు వేయించాలి. ఎక్కడెక్కడ ఏముందో ఒక్కో సంఘం వెళ్లి అడిగి తెలుసుకు రావాలి. అంకె ఎక్కువ ఉన్నవాళ్లను ఆరోగ్య కేంద్రానికి పంపడం, నెల తర్వాత పోయావా అని అడగడం, ఇంతవరకే సంఘం పని. వైద్యం మనం చేయం.

కమిటీలో పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. సంఘం పని నూలు ఇవ్వడం, గుడ్డ తీసుకోవడం, దీపావళి బోనసు డబ్బులో చెయ్యి పెట్టొద్దు అన్నారు. వాళ్ల మాటలో న్యాయం లేదని అనం. కానీ లెక్క మనిషిగా ఒకటి చెప్తాం. సభ్యుడు చనిపోయిన ఇంటికి వెళ్తే మగ్గం మీద సగం నేసిన పడుగు ఉంటుంది. దాన్ని ఇంకొకరు నేస్తే రెండు చేతుల గుడ్డ ఒకటిగా రాదు, గ్రేడు పడిపోతుంది. ఇచ్చిన నూలు, అడ్వాన్సు రాని పద్దులోకి పోతాయి. సాయం ఇవ్వాలి. కొడుకు అప్పటికే శివకాశి ఫ్యాక్టరీకి పోయి ఉంటాడు, మగ్గం ఎక్కేవాళ్లు ఉండరు, ఒక మగ్గం శాశ్వతంగా తగ్గిపోతుంది. ఒక మిషను ఖర్చుకూ ఈ ఖర్చుకూ పోలికే లేదు. బోనసు ముట్టుకోనక్కర్లేదు, పొదుపు నిధి వడ్డీలోంచి చాలు. ఆ లెక్క కాగితం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు.

తీర్మానం కాగితం వేదిక ఎడమ పక్క బల్ల మీద పెట్టాం. భోజనాలకు ముందు అన్ని సంఘాల అధ్యక్షులు చదివి, ఒప్పుకుంటే సంతకం చేయండి, ఒప్పుకోకపోతే కారణం రాయండి. మిషను ఒకటి మేమే తెచ్చాం, వెనక గదిలో ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. టీ తాగినవాళ్లు, బుగ్గలో పొగాకు ఉన్నవాళ్లు అరగంట ఆగి రండి. మిగతావాళ్లు ఇప్పుడే పోవచ్చు.